నాలుకబద్దతో కదిలిన కారు

వాకిట్లో కారు స్టార్టయిన చప్పుడు వినపడింది. ఆ కారు నడపడం వచ్చిన ఒకే ఒక్క మనిషి, మా మామ, వంటింట్లో నా ఎదురుగా పీట మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. తాళంచెవి ఎప్పటిలాగే ఆయన మొలతాడుకు వేలాడుతోంది. ఆయన నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని ఎడమచేత్తో నడుము తడుముకున్నారు. చెవి చేతికి తగిలింది. అప్పుడు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను.

ఇంట్లో ఇంకెవరున్నారో ఆలోచించడానికి ఎంతో సేపు పట్టదు. మా ఆయనది గూడూరులో ఉద్యోగం, శనివారం రాత్రికి గానీ రారు. అత్త వసారాలో చేట ముందు పెట్టుకుని వేరుశనగకాయలు ఒలుస్తున్నారు. ఇక మిగిలింది పిల్లలే. పాపకు ఏడేళ్ళు, బాబుకు అయిదు. పళ్ళు తోముకుని రమ్మని ఇద్దరినీ తొట్టి దగ్గరికి పంపి చాలాసేపయింది.

చట్నీ గరిటెతోనే పరుగెత్తాను. నేను వసారాలోకి వచ్చేసరికి కారు ఎక్కిళ్ళు పట్టిన మనిషిలా ఒక్క ఎగురు ఎగిరింది. ముందు టైరుకు అడ్డం పెట్టిన రాయి పక్కకు దొర్లింది. ఇంకో ఎగురు ఎగిరి, గేటు దగ్గర పేర్చి ఉన్న వేరుశనగ మూటల్లోకి మూతి పెట్టి ఆగిపోయింది. ఒక మూట చిట్లి కాయలు బంపరు మీదుగా జలజలా రాలాయి. 

"ఏర్పేడు... ఏర్పేడు దిగేవాళ్ళు దిగండి," అని కారులోంచి మావాడి గొంతు వినపడింది.

"నాకింకా టికెట్టే ఇయ్యలా," అంది వెనక సీట్లోంచి మా పాప.

మా ఇల్లు ఏర్పేడులో, తిరుపతి నుంచి కాళహస్తి పోయే రోడ్డు మీదే ఉంది. వాకిలి గేటు వైపు కొంచెం వాలుగా ఉంటుంది. గేటు దాటితే రోడ్డు, రోడ్డు మీద పగలూ రాత్రీ లారీలు. ఆ మూటలు నిజానికి ముందు రోజు సాయంత్రమే నూనె మిల్లుకు పోవాల్సినవి. ట్రాక్టరు రాలేదు కాబట్టి అక్కడున్నాయి. వచ్చి ఉంటే? ఈ ప్రశ్నను నేను ఇంట్లో ఎవరినీ అడగలేదు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా ఆ వాక్యం పూర్తి చేయడం నాకిష్టం లేదు.

కారు తలుపు తీశాను. మావాడు సీటు మీద నిలబడి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. మూతి చుట్టూ పళ్ళపొడి. తాళం కన్నంలోంచి స్టీలు నాలుకబద్ద ఒకటి నిటారుగా బయటికి పొడుచుకుని ఉంది. వంపు తిరిగి ఉండాల్సిన దాన్ని సాగదీసి తిన్నగా చేశాడు.

"దీంతో ఎట్ల తిప్పినావురా?"

"ఊరికే దూర్చినా. తిరిగింది."

అత్త వచ్చి ముందు మూట వైపు చూశారు. "అయ్యో, కాయలంతా నేలపాలు," అన్నారు. ఆ తర్వాత గేటు చూశారు, రోడ్డు చూశారు. బాబును చంకనెత్తుకుని వీపు మీద ఒకటి వేశారు. వాడు ఏడుపు మొదలుపెట్టక ముందే ఆ వీపునే నిమిరారు.

మామ ఎంగిలి చేత్తోనే కారు చుట్టూ ఒక చుట్టు తిరిగారు. బంపరు తట్టి చూశారు. చివరికి ఒక మాట అన్నారు.

"బ్యాటరీ బాగుండాది."

*

ఇది నిరుడు దసరా ముందర మాట.

ఆ కారు తెల్ల అంబాసిడరు. వేరుశనగ బాగా పండిన ఒక ఏడు, మామ చిత్తూరులో ఒక కంట్రాక్టరు దగ్గర కొన్నారట. కొన్న రోజే నడుపుకుంటూ కాణిపాకం తీసుకెళ్ళి, తాళంచెవి స్వామి ముందు పెట్టించి, అప్పుడు ఇంటికి తెచ్చారు. ఆ కథ మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు అందుతుంది. నా పెళ్ళిలో నేను అత్తగారింటికి వచ్చింది ఆ కారులోనే. ముందు సీటు బల్లలా పొడుగ్గా ఉంటుంది, నలుగురు కూర్చోవచ్చు. గేరు కర్ర స్టీరింగు పక్కనే. వెనక అద్దాలు దిగవు, ముందు అద్దాలు ఎక్కవు. డ్రైవరు వైపు తలుపుకు తాళం పడక ఎన్నో ఏళ్ళయింది. హ్యాండు బ్రేకు ఉందన్న మాటే గానీ దాన్ని మామ కూడా నమ్మరు. కారు నిలిపితే గేరులో పెట్టేసి, ముందు టైరుకు ఒక రాయి అడ్డం పెడతారు. గేరులో ఉన్న బండికి తాళం తిప్పితే అది ఎగరక ఏం చేస్తుంది?

నేను ఎమ్మెస్సీ చదివాను, తిరుపతిలో. చదువుకూ భయానికీ సంబంధం లేదని మా ఇంట్లో అందరికీ నన్ను చూశాకే తెలిసింది. వేరుశనగ గింజ గొంతుకు అడ్డం పడుతుందని భయం. దోమల చుట్ట వల్ల దుప్పటి అంటుకుంటుందని భయం. పాప జడలోని పిన్ను కంట్లో గుచ్చుకుంటుందని భయం. "మా కోడలు గొడుగు పట్టుకుని బాయి కాడికి పోతాది, వాన పడి జారుతాదేమో అని," అని అత్త ఊళ్ళో చెప్పి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అయితే అస్తమానం భయపడే మనిషికి ఒక చిక్కుంది. నిజంగా భయపడాల్సిన రోజు వచ్చినప్పుడు కూడా ఎవరూ కంగారుపడరు. ఎస్టీడీ బూతుకు వెళ్ళి మా ఆయనకు ఫోను చేస్తే, "ఏమీ కాలేదు కదా, శనివారం వచ్చి చూస్తాలే," అన్నారు.

అందుకని ఆ రోజు నేను మాటలతో వాదించలేదు. మామను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు తొక్కిపెట్టమని చెప్పి, గేరు తీయించి, ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఆ కన్నంలో పెట్టాను. స్టార్టయ్యే దాకా తిప్పలేదు, డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగే దాకానే. కాఫీ చెంచా కాడ పెట్టాను, వెలిగింది. అత్తకు ఉత్సాహం వచ్చి తన ట్రంకుపెట్టె చెవి తెచ్చారు. వెలిగింది. పాప తన స్కేలు తెస్తే అది పట్టలేదు గానీ, దాని జామెట్రీ పెట్టె మూత మూల పట్టింది, వెలిగింది. అత్త తలలోంచి పిన్ను తీశారు. అది మాత్రం వంగిపోయింది. అత్త కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

"ఇప్పుడు మీ చెవి పెట్టండి మామా," అన్నాను.

మామ మొలతాడు విప్పకుండానే నడుము ముందుకు వంచి తాళంచెవి దూర్చారు. తిరగలేదు. పైకి కిందికి ఆడించారు. కొంచెం వెనక్కి లాగి, ఊపిరి బిగబట్టి, పక్కకు నొక్కి తిప్పితే అప్పుడు వెలిగింది.

"ఇంటాయనకు పలకదు, దోవన పోయేవాళ్ళకంతా పలుకుతాది," అన్నారు అత్త.

 నేను అదే అదను అనుకున్నాను.

"ఈ బీగం మార్చేద్దాం మామా. కాళహస్తి మెకానిక్కుకు కబురు చేస్తే రేపే వస్తాడు."

"పండగ పదిదినాలు కూడా లేదు మ్మా. ఆయుధపూజ ముందర బండి గుండెకాయ కోస్తారా ఎవరన్నా?"

"గుండెకాయ ఇంజిను గదా మామా. ఇది బీగమే."

"కాణిపాకంలో దేవుడి ముందర పెట్టినా ఈ చెవిని. బీగం మారిస్తే ఇదేం గావాల?"

 నేను ఆ ఇంటికి రాకముందు నుంచే ఆ చెవి ఆయన ఒంటి మీద ఉంది. స్నానం చేసేటప్పుడు కూడా తీయరు. అంచులు అరిగిపోయి సబ్బుబిళ్ళలా నున్నగా అయిపోయింది.

"బ్యాటరీ వైరు పీకేస్తా," అన్నారు మామ. "వైరు లేకుంటే నాలుకబద్ద గాదు గదా, నాగలి పెట్టినా కదలదు. సాలునా?"

చాలనే అన్నాను. ఆయన బానెట్టు ఎత్తి వైరు పీకారు. ఆ పూటకు నేను ఇంట్లో నాలుకబద్దలన్నీ ఏరి అటక మీద పెట్టాను. చెంచాలు కూడా. రాత్రి పెరుగన్నం అందరం చేత్తోనే తిన్నాం, ఆవకాయ కూడా చేత్తోనే వడ్డించాను. "రేపు గరిట్లు దాస్తాదేమో," అని అత్త మామతో అనడం వినపడింది.

*

మర్నాడు తెల్లవారి నేను పొయ్యి మీద పాలు పెడుతున్నాను. వాకిట్లో కారు స్టార్టయింది.

పాలగిన్నె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. వెళ్ళి చూస్తే కారులో మామ. స్టీరింగు మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని, ఇంజిను చప్పుడు సుప్రభాతంలా వింటున్నారు. పిల్లలిద్దరూ ఇంట్లో పక్క మీదే ఉన్నారని వెనక్కి పరుగెత్తి చూసుకుని వచ్చాను.

"దినామూ తిప్పకపోతే దీనికి కాళ్ళు పట్టుకపోతాయి మ్మా," అన్నారాయన, తప్పు చేసిన పిల్లాడిలా. "తిప్పేసి మళ్ళా పీకేస్తాలే వైరు."

పీకలేదు. మరిచిపోయారు. అది నాకు తెలిసింది సాయంత్రం.

బడి మా ఇంటికి పది ఇళ్ళ అవతల. పిల్లలు రాగానే తినడానికి అటుకులు కలుపుతున్నాను. గేటు దగ్గర ఏదో గుసగుస. కిటికీలోంచి చూశాను. మావాడు ముందు నిలబడి ఉన్నాడు. వాడి వెనక వాడి క్లాసు పిల్లలు, బడిలో నీళ్ళ కొళాయి దగ్గర నిలబడినట్టు, ఒకరి వెనక ఒకరు వరసగా. అందరి చేతుల్లోనూ నాలుకబద్దలు. ఒకడి చేతిలో రాగిది, బహుశా వాళ్ళ తాతది. ఒక పిల్ల దగ్గర నాలుకబద్ద లేదు కాబోలు, దోసెలు తిప్పే చిన్న అట్లకాడ తెచ్చుకుంది.

"ఒకరు తిప్పినాక ఒకరు. తోసుకోకూడదు," అంటున్నాడు మావాడు. "మా తాత బండి ఇది. ఏది పెట్టినా స్టార్టవుతాది."

మామ అప్పుడే పొలం నుంచి వచ్చి గేటు దగ్గర ఆగారు. కండువాతో మొహం తుడుచుకుంటూ ఆ వరసను మొదటి నుంచి చివరి దాకా చూశారు. ఈసారి వాకిట్లో మూటలు లేవు. ట్రాక్టరు మధ్యాహ్నమే తీసుకుపోయింది. కారు మూతి ముందు ఖాళీ వాకిలి, తీసి ఉన్న గేటు, గేటు అవతల హారను కొట్టుకుంటూ పోతున్న లారీ.

నేను అటుకుల గిన్నె పట్టుకుని వసారాలో నిలబడ్డాను. మామ ముందుగా గేటు మూశారు. తర్వాత బానెట్టు ఎత్తి వైరు పీకారు. పీకిన వైరును ఊరికే వదలకుండా కండువా అంచు చింపి దాంతో చుట్టి ముడేశారు. అప్పుడు అట్లకాడ పట్టుకున్న పిల్ల దగ్గరికి వెళ్ళి, "మీయమ్మ దోసెలు పోయాల గదా తల్లీ, ఇంటికి పో," అన్నారు.

పిల్లలంతా వెళ్ళాక వసారా మెట్టు మీద కూర్చుని నన్ను పిలిచారు.

"ఆ కాళహస్తి వాడికి కబురు చేపియ్యి మ్మా."

"పండగ ముందరనా మామా?"

"ముందరనే. పండగ బిడ్డలకు గదా."

*

మెకానిక్కు రావడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. దసరా ముందు అందరి బండ్లూ షెడ్డులోనే ఉంటాయి. చివరికి ఆయుధపూజకు ముందు రోజు పొద్దున స్కూటరు మీద వచ్చాడు, కొత్త తాళం అట్టపెట్టెలో పెట్టుకుని. లావుపాటి మనిషి. స్కూటరు దిగకముందే మాటలు మొదలుపెట్టాడు.

"ఈ చుట్టుపక్కల నా చెయ్యి పడని అంబాసిడరు లేదు పెద్దాయనా. ఇదొకటే మిగిలింది. దీని పని గూడా అయిపోయింది ఈ దినం."

"పని అయిపోతే ఎట్ల రా, నడవాల గదా," అన్నారు మామ.

"అదే, అదే. కాఫీ తాగేలోపల ముగించేస్తా."

మెకానిక్కు ముందు సీటు మీద వెల్లకిలా పడుకుని తల డాష్‌బోర్డు కిందికి దూర్చాడు. కాళ్ళు తలుపులోంచి బయటికి. బ్యాటరీ వైరు పీకేసి ఉందా అని నేను అడిగాను. ఉందన్నాడు. అయినా వెళ్ళి చూసొచ్చాను. అతను ముందు వైపు తాళం చుట్టూ ఉన్న గుండ్రటి బిళ్ళను కటింగు ప్లేయరుతో తిప్పి ఊడదీశాడు. తాళం, దాని వెనక స్విచ్చు, స్విచ్చు వెనక వైర్లు, అన్నీ కలిసి గుత్తిలా కిందికి వేలాడాయి. వైర్లు ఒకప్పుడు రంగురంగులవి అయ్యుంటాయి. ఇప్పుడన్నీ ఒకటే రంగు, నానబెట్టిన చింతపండు రంగు.

"ఏది ఎక్కడిదో గుర్తుంటుందా?" అని అడిగాను.

"నాకా అక్కా? కండ్లకు గంతలు కట్టినా పెడతా."

నాకు నమ్మకం కుదరలేదు. లోపలికి వెళ్ళి నా బొట్టుబిళ్ళల అట్ట తెచ్చాను. పండక్కని రంగులన్నీ ఉన్నది కొన్నాను. ఒక్కో వైరు విప్పేటప్పుడు అదేం చేస్తుందో అడిగి, దాని కొసకు ఒక బొట్టుబిళ్ళ అంటించాను. బ్యాటరీ నుంచి వచ్చేదానికి ఎరుపు. ఇంజినుకు పోయేదానికి ఆకుపచ్చ. స్టార్టరుది నలుపు. వైపరుకూ ఇంకా వేరే వాటికీ నీలం, పసుపు.

"వైర్లకు పేరంటం చేస్తావుండాది అక్క," అన్నాడు మెకానిక్కు, డాష్‌బోర్డు కింది నుంచి. అత్త పగలబడి నవ్వారు. నా పని నేను చేసుకున్నాను.

పాత తాళం బయటికి వచ్చింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు.

"లోపల రేకులుంటాయి పెద్దాయనా. చిన్న చిన్నవి, స్ప్రింగుల మీద. సరైన చెవి పెడితేనే అన్నీ ఒక వరసకొస్తాయి, అప్పుడే తిరుగుతాది. ఊపితే కిలకిలమనాల. ఇది మూగనోము పట్టినట్టుండాది."

స్క్రూడ్రైవరు పెట్టి లోపలి గొట్టాన్ని బయటికి తోశాడు. దాంతో పాటు ఒక గడ్డ ఊడి నేల మీద పడింది. ఎర్రగా, పచ్చగా, అక్కడక్కడా తెల్లగా, గట్టిగా ఉంది. నేను ముందు తుప్పు అనుకున్నాను. అతను వేలితో నలిపి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత అత్త ముక్కు దగ్గర పెట్టాడు.

"గంధం," అన్నారు అత్త.

అందరం మామ వైపు తిరిగాం.

మా ఇంట్లో ఆయుధపూజ రోజు కొడవళ్ళకూ పారలకూ మోటారుకూ మామే బొట్లు పెడతారు. కారుకు అందరూ బానెట్టు మీదా అద్దం మీదా పెడతారు. మామ అవన్నీ పెట్టి, ఆఖరున డ్రైవరు సీట్లో కూర్చుని, గంధం తడిపి, పసుపు కుంకుమ కలిపి, వేలితో సరిగ్గా తాళం కన్నం మీద అద్దుతారు. కన్నం నిండేలా. బండికి ప్రాణం పోసే చోటు అదే కాబట్టి అసలు బొట్టు అక్కడే పెట్టాలని ఆయన లెక్క. తాళం బిగిసిపోయినట్టు అనిపిస్తే దీపంలో మిగిలిన నువ్వులనూనె రెండు చుక్కలు వేస్తారు. కొన్న ఏటి నుంచీ ఒక్క దసరా తప్పలేదు.

"అదా," అన్నాడు మెకానిక్కు. "రేకులన్నీ గంధంలో కూరుకుపోయినాయి. ఒక్కటీ పైకి లేవదు. అడ్డం పడేదే లేకపోతే నాలుకబద్ద గాదు, తమలపాకు చుట్టి పెట్టినా తిరుగుతాది. మీ చెవి అరిగిపోయి లోపల జారతాది, అందుకే దానికి మాత్రం తిరగదు. ఇది బీగం గాదు పెద్దాయనా, తాంబూలం పళ్ళెం."

"ముప్పై ఏండ్లుగా దానికి అన్నప్రాశన చేస్తావుండాడు ఈయన," అన్నారు అత్త.

మెకానిక్కు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ మామ మొహం చూసి ఆపుకున్నాను. ఆయన ఆ గడ్డను నేల మీది నుంచి తీసి కండువాలో వేసుకున్నారు. దేవుడి గంధం కదా, కాళ్ళ కింద పడకూడదు.

"బిడ్డలకు ఏమీ కాకూడదనే పెట్టినా మ్మా," అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. "ఈ బండి ఎక్కిన వాళ్ళకు ఎవురికీ ఏమీ కాకూడదని."

 నేను చెంచాలు దాచాను, ఆయన గంధం పెట్టారు. "ఏమీ కాలా గదా మామా," అన్నాను.

*

కాఫీ తాగి వచ్చాక మెకానిక్కు కొత్త స్విచ్చుకు వైర్లు బిగించాడు. నా బొట్టుబిళ్ళలను చూడలేదు. చూడాల్సిన అవసరం లేదనుకున్నాడు. పిల్లల్ని అత్త దగ్గర వసారాలో కూర్చోబెట్టి, గేటు మూసి, గేరు తీసి ఉందో లేదో నేనే కర్ర ఊపి చూసి, అప్పుడు బ్యాటరీ వైరు పెట్టనిచ్చాను. మామ సీట్లో కూర్చున్నారు. కొత్త తాళంచెవి తళతళా మెరుస్తోంది. దాన్ని కళ్ళకద్దుకుని కన్నంలో పెట్టి తిప్పారు.

వైపర్లు లేచాయి. వాన చినుకు లేని ఎండలో, అద్దం మీది దుమ్ములో, కిర్రు కిర్రుమంటూ అటూ ఇటూ ఊగాయి. ఇంజిను మాత్రం పలకలేదు.

"దండం పెడతావుండాది," అన్నాడు మావాడు వసారాలోంచి.

"కండ్లకు గంతలు కట్టుకుని పెట్టినట్టుండావే అబ్బోడా," అన్నారు అత్త.

మెకానిక్కు గొంతు సవరించుకుని మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. బ్యాటరీ వైరు మళ్ళీ తీయించాను. కాసేపయ్యాక కింది నుంచి అడిగాడు, "అక్కా, నల్లబొట్టు ఏందన్నావు?"

"స్టార్టరు."

"ఆకుపచ్చ?"

"ఇంజినుకు పోయేది. నువ్వే చెప్పినావు."

"నేనే చెప్పినా, నేనే చెప్పినా. ఆ వైరును వైపరుదనుకున్నా."

ఈసారి చెవి తిప్పగానే ఎర్రలైటు వెలిగింది. ఇంకొంచెం తిప్పితే ఇంజిను అందుకుంది. మామ ఆపేశారు. మళ్ళీ తిప్పారు, మళ్ళీ ఆపారు. అలా చాలాసార్లు. ఆడించనక్కరలేదు, ఊపిరి బిగబట్టనక్కరలేదు. మొహంలో మెల్లగా ఒక చిన్న సంతోషం వచ్చింది, దాన్ని మా ముందు ఎక్కువ కనపడనివ్వలేదు. ఆ తర్వాత నేను అటక మీది నుంచి తెచ్చినవీ, అత్త తెచ్చిందీ ఆయనే ఒక్కొక్కటీ పెట్టి చూశారు. నాలుకబద్ద, చెంచా, ట్రంకుపెట్టె చెవి. ఏదీ తిరగలేదు. పాత తాళంచెవి కూడా పెట్టారు. అది సగం లోపలికి పోయి ఆగింది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుని, బయటికి తీసి, జేబులో వేసుకున్నారు. అది ఇప్పుడు దేవుడి గూట్లో, ఆ గంధం గడ్డ పక్కన ఉంది.

కొత్త తాళంతో రెండు చెవులు వచ్చాయి. ఒకటి మొలతాడుకు కట్టుకున్నారు. రెండోది నా చేతికిచ్చారు.

"నాకెందుకు మామా, నాకు బండి రాదు గదా."

"రాదు గాబట్టే. నీ కాడుంటే ఎవురికీ దొరకదు. చెంచాలే దొరకలా మాకు."

అత్త, మెకానిక్కు, ఆఖరికి మా పాప కూడా నవ్వారు. నేను ఆ చెవిని తాళిబొట్టు గొలుసు పిన్నీసుకు తగిలించుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది. రాసేటప్పుడు బల్ల అంచుకు తగిలి టక్కుమంటూ ఉంటుంది.

*

మర్నాడు ఆయుధపూజ. పొద్దున్నే కారు కడిగి, పూలదండ వేసి, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాం. మామ బానెట్టు మీద, అద్దం మీద, స్టీరింగు మీద బొట్లు పెట్టారు. గంధం గిన్నె పట్టుకుని సీట్లో కూర్చున్నారు. వేలు అలవాటు చొప్పున తాళం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. నన్ను చూశారు.

"యాడ పెట్టమంటావు మ్మా?"

తాళానికి జానెడు పైన, డాష్‌బోర్డు రేకు మీద చూపించాను. "ఈడ పెడితే కిందికి చూస్తా ఉంటాది మామా." ఆయన అక్కడే పెట్టారు.

వసారాలో కొడవళ్ళు, పారలు, స్పానర్లు, అత్త కత్తిపీట, నా కుట్టుమిషను కత్తెర వరసగా పేర్చి ఉన్నాయి. హారతి వెలిగించబోతూ చూస్తే, కత్తిపీటకూ స్పానరుకూ మధ్య స్టీలు నాలుకబద్ద ఒకటి ఉంది. సాగదీసిందే. దానికి ఎవరో అప్పటికే బొట్టు కూడా పెట్టారు.

పిల్లలిద్దరినీ కారు దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు రాత్రంతా నేను చాలా మాటలు కూర్చుకున్నాను. లారీల గురించి, గేర్ల గురించి, బుద్ధిమంతులైన పిల్లల గురించి. అవేవీ రాలేదు. ఆ రోజు కారు ఎగిరినప్పుడు మీ అమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు అని చెప్పాను. ఎందుకంటే మీరిద్దరూ లోపల ఉన్నారు, గేటు తీసి ఉంది అని చెప్పాను. పాప నా కొంగు పట్టుకుంది. బాబు గేటు వైపు చూశాడు, మూసి ఉంది.

"తిరపతి బస్సు ఆట ఇంక వసారా మెట్ల మీద ఆడుకోండి," అన్నాను. "ఈ కారులోకి తాత గానీ నేను గానీ ముందు ఎక్కితేనే మీరు ఎక్కాల. డ్రైవరు లేని బండిలో ప్యాసింజర్లు కూర్చోరు."

"టికెట్టు తీసుకున్నా కూర్చోకూడదా?" అంది పాప.

"తీసుకున్నా కూర్చోకూడదు."

బాబు కాసేపు ఆలోచించాడు. "మరి నా నాలుకబద్ద?"

"దాంతో నాలుక గీసుకో."

"ఈ దినం కుదర్దు," అన్నాడు వాడు. "పూజలో పెట్టినా. పూజలో పెట్టిన పనిముట్టు ఆ దినం వాడకూడదని తాత చెప్పినాడు."

నేను వసారా వైపు చూశాను. మామ కొడవళ్ళు సర్దుతున్నట్టు తల వంచుకున్నారు. సరే, ఈ ఒక్క రోజూ గీసుకోవద్దు, రేపటి నుంచి రోజూ గీసుకోవాలి అని చెప్పాను.